ఏ పుస్తకం ఎవరికి చెప్పాలి, చెప్పాక ఎలా వాదించాలి

సాగునీటి శాఖలో ఇంజనీరుగా పనిచేసే మా బావమరిది ఒకసారి, "ఈ సైన్స్ ఫిక్షన్ అంటారే, అందులో మంచిది ఒకటి ఇవ్వు బావా" అని అడిగాడు. నేను క్షణమైనా ఆలోచించకుండా ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన 'డ్యూన్' తీసి చేతిలో పెట్టాను. ఎడారి గ్రహం, చుక్క నీటి కోసం ప్రాణాలకు తెగించే మనుషులు, ఒంటి చెమటను సైతం ఒడిసిపట్టి మళ్లీ తాగునీరుగా మార్చే దుస్తులు ఉన్న నవల అది. కాలువలు తవ్వించే మనిషికి ఇంతకంటే తగిన పుస్తకం ఉంటుందా అని లోలోపల మురిసిపోయాను కూడా. రెండు నెలల తర్వాత పుస్తకం తిరిగి వచ్చింది. అతడు గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు 43వ పేజీలోనే ఉంది.

అతడికి సోమరితనం లేదు, పుస్తకంలోనూ లోపం లేదు. నేను కథావస్తువును చూసి పుస్తకం ఎంచానే గాని, చదవబోయే మనిషికి ఎలాంటి ఆనందం కావాలో కనుక్కోలేదు. 'డ్యూన్' ఇచ్చే ఆనందమంతా ఒక సామ్రాజ్యాన్ని, ఒక మతాన్ని, ఒక పర్యావరణాన్ని మెల్లమెల్లగా ఒంటబట్టించుకోవడంలో ఉంటుంది, పైగా అందులోని పాత్రలు వాడే మాటలు అనేకం పుస్తకం చివరనున్న పదకోశంలో వెతుక్కోవలసినవి. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట బస్సులో చదివే మనిషికి కావలసింది దిగవలసిన స్టాపు వచ్చేలోపు ముడి పడి విడిపోయే కథ. ఆ తర్వాత నేను ఇచ్చినది 2002లో వచ్చిన టెడ్ చాంగ్ కథల సంపుటి 'స్టోరీస్ ఆఫ్ యువర్ లైఫ్ అండ్ అదర్స్'. దాని మొదటి కథలో, నెలల తరబడి ఎక్కితే తప్ప కొన అందని బాబిలోను గోపురం మీదికి ఇటుకల బండ్లు లాక్కుపోయే కూలీలు, ఆకాశపు కప్పును తొలవడానికి పిలిపించిన గని పనివాళ్లు ఉంటారు. ఇటుకలను ఎవరు, ఎంత దూరం, ఎలా మోశారన్న వివరం దగ్గరే మా బావమరిది కథలో పడిపోయాడు.

ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ పుస్తకాలను ఇతరులకు చెప్పడంలోనూ, వాటి గురించి వాదించడంలోనూ నేను చేసిన పొరపాట్లు చాలావరకు ఈ ఒక్క జాతికి చెందినవే. ఎదుటివారు ఏ ప్రశ్న అడుగుతున్నారో తెలుసుకోకుండా జవాబు చెప్పేయడం నాకు అలవాటు. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పేరు చెప్పక ముందు

"మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే ఉపయోగపడే జవాబు రాదు. అలా అడిగినప్పుడు చాలామంది తాము చదివినవాటి పేర్లు కాక, చదివి ఉండవలసినవని తాము అనుకునే పేర్లు చెబుతారు. దానికి బదులు, ఈ మధ్య చివరి పేజీదాకా చదివిన పుస్తకం ఏదో అడగండి. అది వంటల పుస్తకమైనా, డిటెక్టివ్ నవలైనా, క్రికెటరు ఆత్మకథైనా ఫరవాలేదు. ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టగల శక్తి ఏమిటో అందులో తెలుస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా విలువైనది: మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది, ఎక్కడ వదిలేశారు? జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల్లోని క్రౌర్యం భరించలేక వదిలేశానన్నవారికి మరో రాజుల యుద్ధం చెప్పడం వృథా. అంతులేని గదులు, విగ్రహాలు, ఆ గదుల్లోకే పోటెత్తే సముద్రం ఉన్న ఒక భవనంలో దాదాపు ఒంటరిగా తిరిగే మనిషి కథ, సుసానా క్లార్క్ 2020లో ప్రచురించిన 'పిరనేసి', వారికి నచ్చవచ్చు. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో కొండలు, అడవుల వర్ణనల దగ్గర ఆగిపోయినవారు ఫాంటసీ అంటేనే తమకు పడదనుకుంటారు, కాని వారికి పడనిది ఆ వర్ణనల నిడివి మాత్రమే కావచ్చు. సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ పాత్రలు బొమ్మల్లా ఉన్నాయని వదిలేసినవారికి అర్సులా లెగ్విన్ 1974 నాటి 'ది డిస్‌పొసెస్డ్' చెప్పి చూడండి. అందులోనూ ఆలోచనలే కథను నడిపిస్తాయి గాని, ఆ ఆలోచనలను మోసే భౌతిక శాస్త్రవేత్తకు ఇల్లు, సహచరి, బిడ్డ, అలసట అన్నీ ఉన్నాయి. వదిలేసిన కారణం స్పష్టంగా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

తీరిక ఎంత ఉందో అడగడం సులువు. ఇంగ్లీషు ఎంత వచ్చునో అడగడమే ఇబ్బంది. ఈ సాహిత్యంలోని ముఖ్యమైన నవలల్లో తెలుగులోకి వచ్చినవి చాలా తక్కువ కాబట్టి మనవారికి చెప్పే పుస్తకం ఎక్కువ సందర్భాల్లో ఇంగ్లీషుదే అవుతుంది. ఆ ప్రశ్న సూటిగా అడిగి ఎవరినీ చిన్నబుచ్చనక్కరలేదు, ఏ పుస్తకం భాష ఎలా ఉంటుందో మనమే చెబితే చాలు. అసిమోవ్ వచనం నిరాడంబరం, పత్రిక చదవగలిగినవారెవరైనా దాన్ని చదవగలరు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు ఈ సుగుణాన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. టోల్కీన్ కావాలని పాతకాలపు ఇంగ్లీషు పోకడలు వాడాడు. సుసానా క్లార్క్ 2004లో ప్రచురించిన పెద్ద నవల 'జొనథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్' పంతొమ్మిదో శతాబ్దపు వచనాన్ని అనుకరిస్తూ, పేజీల కొద్దీ పాదసూచికలతో నడుస్తుంది. అదే రచయిత్రి రాసినదని ముందు దీన్ని చేతిలో పెడితే, 'పిరనేసి'ని ఇష్టపడగలిగిన పాఠకుడు కూడా బెదిరిపోతాడు.

ఒక్క గంట కంటే ఎక్కువ తీరిక లేదనేవారికి రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' చెబుతాను. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక స్త్రీల పత్రికలో ఇంగ్లీషులోనే అచ్చయిన చిన్న కథ అది. అందులోని దేశంలో మగవారు ఇంటిపట్టున పరదా చాటున ఉంటారు, ఆడవారు విశ్వవిద్యాలయాల్లో సూర్యుడి వేడిని నిల్వచేసే పరికరాలు, మేఘాల నుంచి నీరు తీసే పరికరాలు కనిపెడతారు. కాఫీ చల్లారేలోపు చదవవచ్చు, ఆ తర్వాత వారం రోజులు దాని గురించి మాట్లాడుకోవచ్చు.

మన వాకిట్లో మొదలుపెట్టడం

"అలాంటివి నేను చదవను" అనే తెలుగు పాఠకుల్లో నూటికి తొంభైమంది అలాంటివి చదివే పెరిగారని నా అనుమానం. దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ'లో రాసిన సీరియళ్ల కోసం నెలనెలా ఎదురుచూసినవారు, 1991లో 'ఆదిత్య 369' చూసి కాలయంత్రం ఎక్కి రాయల కాలానికి వెళ్లివచ్చినవారు ఈ లోకానికి కొత్తవారు కారు. ఆ జ్ఞాపకం నుంచే కొత్త పుస్తకానికి దారి వేయవచ్చు.

నేను తరచుగా వాడే దారి ఒకటి అల్లసాని పెద్దన వేసి ఉంచాడు. 'మనుచరిత్ర'లో సిద్ధుడు ఇచ్చిన పాదలేపం రాసుకుని ప్రవరుడు క్షణాల్లో హిమాలయం చేరుకుంటాడు, అక్కడి మంచుకు ఆ లేపం కరిగిపోవడంతో ఇంటికి తిరిగిరాలేక చిక్కుకుపోతాడు. వరూధిని కథ అంతా ఆ కరిగిపోవడం వల్లనే పుట్టింది. మంత్రానికి ఉన్న శక్తి ప్రవరుణ్ణి కొండ మీదికి చేర్చితే, దాని పరిమితి కావ్యానికి కథను ఇచ్చింది. ఈ కాలపు ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ మాంత్రిక శక్తుల కంటే వాటి పరిమితులే ఆసక్తికరమని ఒక సూత్రంగా చెబుతాడు. 2006లో మొదలైన అతని 'మిస్ట్‌బోర్న్' నవలల్లో మనుషులు లోహాలను మింగి, కడుపులో వాటిని మండించి శక్తి పొందుతారు, లోహం అయిపోతే శక్తీ అయిపోతుంది. పాదలేపం గుర్తున్నవారికి ఈ లెక్క వెంటనే బోధపడుతుంది.

హాస్యం, వ్యంగ్యం కోరేవారికి విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' ఉంది. లండను ట్రఫాల్గర్ స్క్వేరులో గుర్రపు ముఖం గల గంధర్వుడొకడు వచ్చి పడితే, అక్కడి పండితులూ అధికారులూ అతణ్ణి ఏ జాబితాలో చేర్చాలో తెలియక తికమకపడతారు. వేరే లోకపు జీవి భూమి మీద దిగడమనే ఇతివృత్తం మీద రాసిన ఎన్నో ఇంగ్లీషు కథల పక్కన దీన్ని నిస్సంకోచంగా నిలబెట్టవచ్చు. ఇక హైదరాబాదు, సికింద్రాబాదువారికి అమితావ్ ఘోష్ 'ది కలకత్తా క్రోమొజోమ్' గురించి చెప్పేటప్పుడు నాకు కొంత స్థానికాభిమానం కలుగుతుంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధన వెనుక వేరే ఎవరో ఉండి అతని చేత చేయించారేమోనన్న ఊహ మీద ఘోష్ నవల అల్లాడు. దానికి 1997లో ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం వచ్చింది. కథ ముందువెనకలుగా సాగుతుందని, చివరికి అన్ని చిక్కుముళ్లూ విడవవని ముందే హెచ్చరించడం మాత్రం మరవకండి.

చెప్పే తీరు

పుస్తకం ఎంచుకున్నాక దాన్ని ఎలా చెబుతామన్నది తర్వాతి సమస్య. "అద్భుతం, చదివి తీరాలి" అన్న మాటలో మన ఉత్సాహం తప్ప సమాచారం ఏమీ లేదు. కథంతా చెప్పేయడం దానికి మరో చివర ఉన్న తప్పు. నేను నాలుగైదు వాక్యాలకు మించకుండా చెబుతాను, అందులో కథ మొదలయ్యే స్థితి, పుస్తకం ఇచ్చే ఆనందం ఎలాంటిదన్నది, దారిలో ఎదురయ్యే అడ్డంకి, నిడివి తప్పనిసరిగా ఉండేలా చూసుకుంటాను. ఉదాహరణకు ఇలా:

"లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది, సుమారు 200 పేజీలు. దీవుల లోకంలో మేకలు కాసుకునే ఒక కుర్రవాడు మాంత్రిక విద్య నేర్చుకుంటూ, అహంకారం కొద్దీ చేయకూడని పని ఒకటి చేస్తాడు, దాని ఫలితం అతణ్ణి వెంటాడుతుంది. ప్రతి వస్తువుకూ అసలు పేరు ఒకటి ఉంటుంది, అది తెలిసినవారికే దాని మీద అధికారం. పెద్ద యుద్ధాలు లేవు, సంభాషణలు తక్కువ, పాత కథ చెప్పే అవ్వ గొంతులా సాగుతుంది కాబట్టి పరుగులు ఆశించకండి. తర్వాత మరికొన్ని భాగాలు ఉన్నాయి గాని, ఇది ఒక్కటే చదివినా కథ పూర్తిగా ముగుస్తుంది."

లోపం చెబితే పుస్తకం మీద ఆసక్తి పోతుందని కొందరు భయపడతారు. నా అనుభవం దానికి విరుద్ధంగా ఉంది. మొదటి వంద పేజీలు నెమ్మదిగా నడుస్తాయని ముందే తెలిసిన పాఠకుడు ఆ వంద పేజీలనూ ఓపికతో దాటుతాడు, తెలియనివాడు తన మీదనో రచయిత మీదనో విసుక్కుని వదిలేస్తాడు. ముఖ్యంగా సిరీస్ ముగిసిందో లేదో దాచకూడదు. మార్టిన్ సిరీస్‌లో మొదటి నవల 1996లో, అయిదోది 2011లో వచ్చాయి, ఆరోదాని కోసం పాఠకులు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన 'ద వీల్ ఆఫ్ టైమ్' ముగిసింది గాని, దాని ప్రధాన సంపుటాలు 14. జోర్డాన్ 2007లో మరణించగా చివరి మూడింటినీ ఆయన వదిలిన నోట్సు ఆధారంగా శాండర్సన్ పూర్తిచేశాడు. చదవబోయేవారికి ఇది ఇంటి అప్పు లాంటి ఒప్పందం, కాలపరిమితి చెప్పకుండా సంతకం చేయించకూడదు.

సిరీస్‌లో ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు, సందేహం వస్తే ప్రచురణ క్రమమే పాటించమని చెబుతాను. సి.ఎస్. లూయిస్ 'నార్నియా' నవలల్లో మొదట వచ్చినది 1950 నాటి 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్'. కథాకాలం ప్రకారం చూస్తే 1955లో వచ్చిన 'ద మెజీషియన్స్ నెఫ్యూ' అన్నిటికంటే ముందుది. లూయిస్ స్వయంగా 1957లో ఒక బాలుడికి రాసిన ఉత్తరంలో కథాక్రమం వైపే కొంత మొగ్గు చూపాడు, తర్వాతి ముద్రణల్లో సంపుటాల సంఖ్యలు కూడా అలాగే మారాయి. రచయిత మాట పక్కన నా మాట నిలబడదని తెలిసీ విభేదిస్తాను. మంచు కురుస్తున్న అడవి నడుమ ఒంటరిగా వెలుగుతున్న వీధిదీపం చూసి పాఠకుడు ఆశ్చర్యపోవాలి. ఆ దీపం అక్కడికి ఎలా వచ్చిందో తర్వాత రాసిన నవల చెబుతుంది. దాన్ని ముందు చదివితే ప్రశ్న పుట్టకముందే జవాబు చేతికి వచ్చేస్తుంది. అసిమోవ్ 'ఫౌండేషన్' విషయంలోనూ అంతే: 1951, 1952, 1953లో వచ్చిన మూడు సంపుటాలూ చదివాకే 1988లో వచ్చిన పూర్వకథ దగ్గరికి వెళ్లడం మేలు.

ఈ నియమానికి పెద్ద మినహాయింపు టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్'. ఆ సిరీస్‌లోని 41 నవలల్లో 1983 నాటి మొదటిది, ఫాంటసీ నవలలను వెక్కిరించే సరదా ప్రయత్నం మాత్రమే. ప్రాచెట్ నిజమైన బలం తర్వాత బయటపడింది. పోలీసు కథలు ఇష్టమైతే 1989లో వచ్చిన 'గార్డ్స్! గార్డ్స్!', మతం, విశ్వాసం గురించి ఆలోచించేవారైతే 1992లో వచ్చిన 'స్మాల్ గాడ్స్' చేతికివ్వండి.

పురస్కారాల గురించి ఒక మాట. 1953 నుంచి ఇస్తున్న హ్యూగో పురస్కారానికి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశపు సభ్యులైన పాఠకులు ఓటు వేస్తారు, నెబ్యులా పురస్కారానికి ఈ సాహిత్యం రాసే రచయితల సంఘ సభ్యులు వేస్తారు, ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారాన్ని ఒక న్యాయనిర్ణేతల బృందం నిర్ణయిస్తుంది. ఎన్.కె. జెమిసిన్ రాసిన మూడు భాగాల నవల 2016, 2017, 2018లో వరుసగా హ్యూగో గెలుచుకుంది. ఓటువేసిన పాఠకులను అది ఎంత కదిలించిందో దీనివల్ల తెలుస్తుంది. మీ అత్తగారికి అది నచ్చుతుందో లేదో దీనివల్ల తెలియదు.

వాదనకు దిగినప్పుడు

ఆదివారం మధ్యాహ్నం నలుగురైదుగురం కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకునే అలవాటు మాకు చాలా ఏళ్లుగా ఉంది. అక్కడ గొంతులు లేచిన సందర్భాలను తర్వాత తలచుకుంటే, ఇద్దరు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ ఒకే ప్రశ్న గురించి కొట్లాడుతున్నామని భ్రమపడినవే ఎక్కువ. "ఫౌండేషన్ గొప్ప నవలా?" అన్నది అలాంటి ప్రశ్న. ఒక మిత్రుడు దాన్ని ఆకాశానికెత్తాడు. సామ్రాజ్యాల పతనాన్ని గణితంతో ముందే లెక్కకట్టవచ్చన్న ఊహ, గిబ్బన్ రాసిన రోము చరిత్రను పాలపుంతకు విస్తరించిన ధైర్యం, 1966లో సార్వకాలిక ఉత్తమ సిరీస్‌గా ప్రత్యేక హ్యూగో అందుకున్న గౌరవం అతని ఆధారాలు. మరో స్నేహితురాలు మొదటి సంపుటంలో స్త్రీ పాత్రలు దాదాపు లేవని, మనుషులు గదుల్లో కూర్చుని ఉపన్యాసాలు ఇచ్చుకోవడమే కథగా చలామణీ అవుతోందని తీసిపారేసింది. ఇద్దరూ చెప్పినవి నిజాలే. అతడు ఆ పుస్తకం తర్వాతి రచయితలకు ఏమి ఇచ్చిందో చెబుతున్నాడు, ఆమె ఈ రోజు దాన్ని చదివే పాఠకురాలికి ఏమి అందుతోందో చెబుతోంది.

అందుచేత వాదన మొదట్లోనే కొలబద్ద ఏదో తేల్చుకోవాలి. నాకు నచ్చిందా, నైపుణ్యంతో రాసినదా, తర్వాతి సాహిత్యాన్ని మార్చిందా, కొత్తవారికి ఇప్పుడు ఇవ్వదగినదా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఒక్కో పుస్తకానికి నాలుగు చోట్లా నాలుగు జవాబులు రావచ్చు. ఎవరైనా "చెత్త" అన్నప్పుడు కోపం తెచ్చుకోకుండా "ఏ లెక్కన?" అని అడిగితే సగం కొట్లాటలు అక్కడే చల్లారుతాయి. మిగిలిన సగం మాత్రం నిజంగా వాదించదగినవి.

తర్వాత చూడవలసినది, అందరూ ఒకే పుస్తకం చదివారా అని. ఇది విచిత్రంగా వినిపించవచ్చు గాని చాలాసార్లు చదివి ఉండరు. 'డ్యూన్' ఒక మహావీరుణ్ణి కీర్తిస్తోందని ఒకరు, అలాంటి వీరులను నమ్మవద్దని హెచ్చరిస్తోందని మరొకరు వాదిస్తున్నప్పుడు, రెండోవారు 1969లో వచ్చిన 'డ్యూన్ మెసయ్య' కూడా చదివారో లేదో కనుక్కోండి. మొదటి నవలలో అంతర్లీనంగా ఉన్న భయం రెండోదానిలో బయటకు వస్తుంది. మొదటిదానితో ఆగినవారికి విజయమే మిగులుతుంది. అనువాదాల విషయంలో ఇది మరీ నిజం. పోలండు రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961 నాటి 'సొలారిస్' 1970లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి అనువాదం నుంచి వచ్చింది, నేరుగా పోలిష్ నుంచి చేసిన ఇంగ్లీషు అనువాదం 2011లో గాని రాలేదు. లెమ్ వచనం పేలవంగా ఉందనేవారు తీర్పు చెప్పేముందు తమ ప్రతిలో అనువాదకుడి పేరు చూసుకోవాలి. లియు సిషిన్ 'ద త్రీ బాడీ ప్రాబ్లమ్' చైనాలో 2008లో పుస్తకంగా వచ్చినప్పుడు సాంస్కృతిక విప్లవపు ఘట్టాలు మధ్యలో ఉన్నాయి. కెన్ లియు చేసిన 2014 నాటి ఇంగ్లీషు అనువాదం వాటితోనే మొదలవుతుంది. మరుసటి ఏడు హ్యూగో గెలిచినది ఈ రూపమే. నవల ఎత్తుగడ బాగుందా లేదా అని వాదించేవారికి ఈ తేడా తెలియకపోతే వాదనకు కాళ్లే ఉండవు.

కొన్ని వాదనలు ఎంత పెద్దగా అరిచినా ఎక్కడికీ చేరవు. ఫలానాది సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా అన్నది అందులో మొదటిది. దానికి నేను పావుగంట మాత్రమే కేటాయిస్తాను, ఆ పావుగంటలో కూడా "ఈ పేరు పెడితే మన చదువులో ఏమి మారుతుంది?" అని అడుగుతాను. ఏమీ మారకపోతే టీ పెట్టుకోవచ్చు. మన తెలుగు సభల్లో తప్పక తలెత్తే రెండోది, "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయి" అన్న మాట. పుష్పకవిమానం పేరు వచ్చిందంటే అసలు పుస్తకం ఇక బల్ల మీదికి తిరిగి రాదు. దీన్ని ఎగతాళి చేయడం తప్పు, ఒప్పుకుని ఊరుకోవడమూ తప్పే. పురాణంలో విమానం ఎలా ఎగురుతుందన్నది ప్రశ్నే కాదు, దాన్ని ఎవరి దగ్గర నుంచి ఎవరు లాక్కున్నారు, అది ఎవరికి చెందాలి అన్నవి ప్రశ్నలు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్'లో మనిషి తన చదువుతో, తన చేతులతో ఒక ప్రాణిని తయారుచేశాడు కాబట్టే ఆ ప్రాణి పట్ల అతని బాధ్యత ఏమిటన్న ప్రశ్న అంత పదునుగా తగులుతుంది. రెండు రకాల కథలు రెండు రకాల పనులు చేస్తున్నాయని ఇలా చూపిస్తే, పురాణం మీద అభిమానం ఉన్నవారు కూడా చిన్నబోకుండా మళ్లీ పుస్తకంలోకి వస్తారు.

వాదించదగిన వాదన ఎలా ఉంటుందో చెప్పమంటే నేను లెగ్విన్ 1969 నాటి 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' వైపు వేలు చూపిస్తాను. (ఈ వ్యాసంలో ఆమె పేరు మాటిమాటికీ వస్తోందని నాకు తెలుసు. అది నా పక్షపాతం, దాచడం లేదు.) అందులోని గ్రహవాసులు నెలలో అధిక భాగం ఆడా కాదు, మగా కాదు. కాని నవల వారిని ఇంగ్లీషులో పురుషవాచక సర్వనామంతోనే పిలుస్తుంది. దాంతో పాఠకుడి కళ్ల ముందు మగవారే కదలాడతారన్న విమర్శ వచ్చింది. లెగ్విన్ 1976లో రాసిన ఒక వ్యాసంలో తన ఎంపికను సమర్థించుకుంది, 1987లో అదే వ్యాసానికి వ్యాఖ్యలు జోడిస్తూ తన అభిప్రాయం మారిందని ఒప్పుకుంది.

మా ఆదివారపు గుంపులో ఈ చర్చ అనుకోకుండా తెలుగు వ్యాకరణంలోకి వెళ్లింది. ఆ నవలను తెలుగు చేస్తే ఏ సర్వనామం వాడాలి? "వచ్చాడు" అంటే మగ, "వచ్చింది" అంటే ఆడ లేదా పశువు, వస్తువు. "వారు వచ్చారు" అంటే లింగం మాయమవుతుంది, ఇంగ్లీషు రచయిత్రికి దొరకని సౌకర్యం మనకు పుట్టుకతోనే ఉందని ఒకరు సంబరపడ్డారు. వెంటనే మరొకరు అడ్డు తగిలారు: నవల చివరి భాగంలో ఇద్దరే మనుషులు మంచు మైదానం మీద ఒకే గుడారంలో రోజుల తరబడి ప్రయాణిస్తారు, వారి మధ్య పెరిగే చనువే పుస్తకానికి గుండెకాయ, అక్కడ కూడా "వారు", "మీరు" అంటూ మర్యాదగా దూరం పాటిస్తే ఆ గుండె ఆగిపోదా? ఆ రోజు ఎవరూ గెలవలేదు. ప్రతి ఒక్కరూ పుస్తకం తెరిచి, ఒక్కో వాక్యాన్ని తెలుగులో చెప్పి చూశారు. వాదన పుస్తకంలోకి తిరిగి తీసుకువెళ్లిందంటే అది సరైన వాదన.

అభిప్రాయం మార్చుకోవడాన్ని ఓటమిగా లెక్కించే చోట ఇలాంటి చర్చ సాగదు. 'ఎర్త్‌సీ' మూడో నవల 1972లో వచ్చాక పద్దెనిమిదేళ్లకు లెగ్విన్ 'తెహాను' రాసింది. అందులో మంత్రశక్తి కోల్పోయిన పాత నాయకుడు గిన్నెలు కడుగుతూ, మేకలు చూసుకుంటూ కనిపిస్తాడు, కథంతా ఒక నడివయసు స్త్రీ చుట్టూ, ఒళ్లు కాలిన ఒక పిల్ల చుట్టూ తిరుగుతుంది. ఇరవై ఏళ్ల వయసులో చదివినప్పుడు రచయిత్రి తన లోకాన్ని తానే పాడుచేసుకుందని నేను ఆవేశంగా వాదించాను. నలభై దాటాక, ఇంట్లో పెద్దల సేవ చేసిన తర్వాత మళ్లీ చదివితే, ఆ సిరీస్‌లో నాకు అన్నిటికంటే దగ్గరైనది అదే అయింది. ఇప్పుడు ఆ పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు ముందు నా పాత వాదనను దాని బలంతో సహా చెప్పి, ఆ తర్వాతే కొత్తది చెబుతాను. ఎదుటివారి పక్షాన్ని వారికంటే బాగా చెప్పగలిగాకే ఖండించాలన్న పాత శాస్త్రచర్చల పద్ధతి, పూర్వపక్షం చెప్పి సిద్ధాంతానికి రావడం, ఇక్కడ చక్కగా పనికివస్తుంది.

కథలోని మలుపులు బయటపెట్టకూడదన్నది అందరికీ తెలిసిన మర్యాదే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. చదవనివారు గదిలో ఉంటే మొదటి మూడోవంతు దాటి మాట్లాడవద్దు, అంతే.

అరువిచ్చాక

"పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః" అన్న శ్లోకంలో పుస్తకం వరకు నేను ఏకీభవిస్తాను. పోయినా బాధపడని ప్రతినే అరువివ్వాలి. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో అసిమోవ్, ఆర్థర్ క్లార్క్, ప్రాచెట్ దొరికినప్పుడల్లా నేను రెండో ప్రతి కొని, ఇవ్వడానికే విడిగా ఉంచుకుంటాను.

ఇచ్చిన మూడు వారాలకు ఒకసారి అడగండి, అదీ "చదివారా?" అని కాకుండా "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు జనం మొహమాటపడి అబద్ధం చెబుతారు, రెండోదానికి పేజీ నంబరు చెబుతారు. వదిలేశామంటే ఎక్కడో, ఎందుకో రాసిపెట్టుకోండి. నా దగ్గర ఒక పాత డైరీలో ఇలాంటి పేజీ నంబర్లు చాలా ఉన్నాయి. మా బావమరిది పేరు ఎదురుగా మొదట 43 అని ఉంది. దాని కింద టెడ్ చాంగ్, చివరిదాకా. దాని కింద ఆర్థర్ క్లార్క్ 1973 నాటి 'రాండెవూ విత్ రామా', యాభై కిలోమీటర్ల పొడవైన ఖాళీ స్తూపాకారపు నౌకలోకి మనుషులు టార్చిలైట్లతో దిగే నవల, అది కూడా చివరిదాకా, రెండు రోజుల్లో. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అతడు షెల్ఫు ముందు నిలబడి, "ఆ నీళ్ల పుస్తకం మళ్లీ ఒకసారి ఇవ్వు బావా, ఈసారి వెనకున్న పదకోశం ముందు చదువుతాను" అన్నాడు. డైరీలో ఆ పుస్తకానికి ఇంకా ఏ కొత్త అంకె వేయలేదు.